వదిన ఇంటి వెనక పుట్టగొడుగులు

జిగురత్తకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది గానీ, హాజరు పట్టీలో తప్ప అది ఎక్కడా అక్కరకు రాలేదు. మొక్కల మ్యూజియం మొదటి అంతస్తులో, ఉత్తరపు కిటికీ పక్క బల్ల దగ్గర, ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె చేసిన పని ఒక్కటే, ఎండిన మొక్కల్ని అట్టల మీద అంటించడం. అందుకని పెద్దాఫీసరు మొదలుకొని గేటు కాపలావాడి దాకా అందరికీ ఆమె జిగురత్తే.

ఆ పనిని తేలిగ్గా తీసిపారేసేవాళ్లు ఉంటారు. వాళ్ల చేతికి ఒక అడవి లిల్లీని ఇచ్చి అంటించమనండి, తెలిసొస్తుంది. దాని రేకులు వెనక్కి మడుచుకుని ఉంటాయి. పుప్పొడి తగిలిందంటే వేళ్లకూ కాగితానికీ తుప్పు రంగు పట్టేసి ఓ పట్టాన వదలదు. జిగురు ఎక్కువైతే రేకు నల్లబడుతుంది, తక్కువైతే ఏడాది తిరక్కుండా ఊడి ఓ మూలకు చేరుతుంది. పుట్టగొడుగులది ఇంకో గోల. వాటిని నిలువునా కోసి, ఆరబెట్టి, కాగితపు పొట్లంలో పెట్టి, ఆ పొట్లాన్ని అంటించాలి. అన్నిటికీ కింద కుడిమూల ఒక చీటీ ఉంటుంది. ఇదేమిటి, ఎక్కడ దొరికింది, ఏ చెట్టు కింద, ఏ రోజున, ఎవరు తెచ్చారు అన్నది దాని మీద రాయాలి. "చీటీ లేని మొక్క చెత్తతో సమానం" అని ఆమెకు పని నేర్పిన పాత పెద్దాఫీసరు రోజుకు మూడుసార్లు అనేవాడు. ఆ మాట ఆమె బుర్రకు ఎంత గట్టిగా పట్టిందంటే, ఇంట్లో ఉప్పు డబ్బా మీద కూడా తేదీ ఉంటుంది.

ఇంతటి చీటీల మనిషి ముప్పై ఏళ్లపాటు చీటీల మీద పచ్చి అబద్ధాలు రాసింది. దాచడం దేనికి, ముందే చెప్పేస్తే మనకూ ఓ పనైపోతుంది.

మొదటి ఏడాది మాత్రం నిజమే రాసింది. ఊరు దాటాక బస్సు మలుపు తిరిగే చోట, రోడ్డు కింద ఒక వాలు ఉంది. ఓక్ చెట్ల నీడ, నాచు, ఎప్పుడూ ఆరని తడి. ఒక ఆదివారం గాలికి కొట్టుకుపోయిన గొడుగు కోసం ఆమె ఆ వాలులోకి దిగింది. గొడుగు దొరకలేదు గానీ, షాంటరెల్ పుట్టగొడుగులు దొరికాయి. ఊళ్లో వాటిని పసుపు బాకాలంటారు. గుడ్డు సొన రంగు, బాకా ఆకారం. తల కింద పుస్తకం పేజీల్లాంటి పొరలు ఉండవు, చర్మం ముడతలు పడ్డట్టు ఉండి ఆ ముడతలు కాడ మీదికి జారతాయి. వాసన చూస్తే మగ్గిన ఆప్రికాట్ పండు గుర్తొస్తుంది. పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయని లోకం ఊరికే అనేస్తుంది గానీ, ఈ జాతికి ఆ తొందరే లేదు. చెట్ల వేళ్లతో ఒప్పందం కుదుర్చుకుని, ఏళ్ల తరబడి మట్టిలో కాపురం చేసి, వాన పడ్డాక మనసు పుడితేనే పైకొస్తుంది. పెరట్లో పెంచుదామంటే ససేమిరా పెరగదు. వాటి పక్కనే తల వంచుకున్న అడవి లిల్లీలు గుంపుగా ఉన్నాయి.

ఆమె నాలుగు బాకాలు, ఒక లిల్లీ తెచ్చి, ఉన్నదున్నట్టు చీటీ రాసి అంటించింది. కింది హాల్లో అద్దాల బీరువాలో అందరూ చూసేలా పెట్టారు. పదిరోజులు తిరిగేసరికి బుట్టలేసుకుని వచ్చినవాళ్లు వాలంతా ఊడ్చిపెట్టారు. అంతటితో ఊరుకోకుండా లిల్లీలను కూడా దుంపలతో సహా తవ్వుకుపోయారు, ఇంటి ముందు కుండీల్లో నాటుకోవడానికి. గుంటలు తప్ప ఏమీ మిగల్లేదు. జిగురత్త ఆ గుంటల మధ్య కూర్చుని ఏడ్చింది. తన చేతిరాతే వాళ్లకు దారి చూపించిందని ఆమెకు బాగా తెలుసు. అక్కడ మళ్లీ ఒక లిల్లీ పూయడానికి ఆరేళ్లు పట్టింది.

సరిగ్గా ఆ నెలలోనే భర్త అక్కగారు భోజనాల బల్ల దగ్గర అందరి ముందూ ఒక మాట అంది. "ఆకులకు జిగురు రాయడం కూడా ఒక ఉద్యోగమేనా? నేనైతే సిగ్గుతో చచ్చేదాన్ని."

మర్నాడు జిగురత్త ఆ అట్ట మీది పాత చీటీ పీకేసి, దాని చోట కొత్త చీటీ రాసింది. పుట్టగొడుగు నిజం, చెట్టు నిజం, తేదీ నిజం. స్థలం దగ్గర మాత్రం "రైలుకట్ట వీధి, చివరి ఇంటి వెనక ఖాళీ స్థలం" అని గుండ్రటి అక్షరాలతో పెట్టింది. ఆ చివరి ఇల్లు వదినగారిది. ఆ ఆదివారమే పదిమంది బుట్టలతో వెళ్లి వదిన కంచె చుట్టూ వంగి వంగి తిరిగారట. ఆ వార్త విన్న సాయంత్రం జిగురత్త రెండు కప్పుల టీ తాగింది.

ఒకసారి రుచి మరిగాక చెయ్యి ఊరుకుంటుందా? ప్రతి వానాకాలం వాలు నుంచి రెండో మూడో తెచ్చేది. ఎవరి మీద కోపముంటే వాళ్ల ఇంటి వెనక వాటిని మొలిపించేది. బాగున్న పన్ను పీకి, పాడైనదాన్ని వదిలేసిన పన్ను డాక్టరు క్లినిక్ వెనక చాలా మొలిచాయి. భర్తకు సెలవివ్వని బస్సు డిపో మేనేజరు గోడ పక్కన లిల్లీలు విరగబూశాయి. అసలు వాలు సంగతి భర్తకు కూడా చెప్పలేదు. ఆయన ఆ మలుపులోనే పాతికేళ్లు బస్సు నడిపాడు, మంచివాడే. కానీ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

ఇలా అంతా సాఫీగా సాగి, ఇంకో రెండు నెలల్లో పదవీ విరమణ అనగా, మ్యూజియానికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. రోగులను చూసే డాక్టరు కాదు, పుట్టగొడుగుల డాక్టరు. షాంటరెల్లలో ఎన్ని రకాలున్నాయి, లిల్లీల్లో ఎన్ని, ఏవి ఎక్కడెక్కడ పెరుగుతాయి అని చెప్పే పటం తయారుచేయడం ఆమె పని. దుప్పటంత పటాన్ని జిగురత్త బల్లకు ఎదురుగా గోడకు తగిలించింది. బీరువాల్లోని చీటీలన్నీ ఒక్కొక్కటే చదువుతూ షాంటరెల్లకు పసుపు గుండుసూదులు, లిల్లీలకు తెల్లవి గుచ్చడం మొదలుపెట్టింది. ప్రతి సూదీ జిగురత్త వీపులోనే దిగినట్టుండేది.

"అత్తా, ఒకటి గమనించారా? అడవిలో ఒక్కటంటే ఒక్కటి లేదు. అన్నీ ఇళ్ల వెనకే!" అంది డాక్టరమ్మ ఒకరోజు, కళ్లు మెరుస్తుండగా. "ఈ పన్ను డాక్టరు క్లినిక్ వెనక అయితే పదకొండుసార్లు దొరికాయి. పదకొండు!"

"మంచి మనిషేమో" అంది జిగురత్త, అట్ట మీంచి తల ఎత్తకుండా.

"కాదత్తా, ఇందులో ఏదో ఉంది. ఇవి అడవి వదిలి మనుషుల దగ్గరికి వస్తున్నాయి. ఇంతవరకూ ఎవరూ చెప్పని సంగతి!"

ఆ పిల్ల అంతటితో ఆగలేదు. ఆ సంగతి మీద పెద్ద వ్యాసం రాయడానికి కూర్చుంది. మట్టి నమూనా కోసం పన్ను డాక్టరు దగ్గరికి కూడా వెళ్లింది. మట్టి తేబోయి పుచ్చు పన్ను పూడ్పించుకుని వచ్చింది. జిగురత్త నవ్వాపుకోలేక బీరువా వెనక్కి వెళ్లి దగ్గింది.

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. పురపాలక ఆఫీసు నుంచి పెద్దాఫీసరుకు ఉత్తరం వచ్చింది. ఊరికి కార్లు నిలుపుకునే పెద్ద స్థలం కావాలి, రెండు చోట్లు చూశాం. ఒకటి బస్సు మలుపు కింది వాలు, రెండోది రైలుకట్ట వీధి చివరి ఖాళీ స్థలం. వీటిలో అరుదైన మొక్కలేమైనా ఉన్నాయేమో శుక్రవారం లోపు చెప్పండి, లేనిచోట చెట్లు కొట్టి చదును చేస్తాం. ఇదీ ఉత్తరం. పెద్దాఫీసరు లేచి వచ్చి పటం ముందు నిలబడ్డాడు. రైలుకట్ట దగ్గర పసుపు సూదులు పొద్దుతిరుగుడు పువ్వులా గుంపుకట్టి ఉన్నాయి. వాలు మీద ఒక్క సూది లేదు.

"ఇంకేం, తేలిపోయింది" అన్నాడాయన హాయిగా.

జిగురత్త బ్రష్షును జిగురు గిన్నెలోనే వదిలేసి పటం వంక చూసింది. మనుషుల నుంచి కాపాడదామని ముప్పై ఏళ్లు దాచిన చోటు, ఆ దాచడం వల్లే గొడ్డలి కిందికి వెళ్తోంది. అలాగని నోరు విప్పితే? శుక్రవారమే ఆమెకు సన్మానం. "ముప్పై ఒక్క ఏళ్లు, ఒక్క తప్పు లేదు" అని జ్ఞాపిక మీద చెక్కించేశారు కూడా. జీవితంలో ఆమె దాచుకున్న మంచిపేరు అదొక్కటే.

అందుకని ముందు అడ్డదారి పట్టింది. భోజన విరామంలో గదిలో ఎవరూ లేనప్పుడు, వదిన ఇంటి వెనక నుంచి ఒక సూది పీకి వాలులో గుచ్చింది. డాక్టరమ్మ వచ్చి చూసి, "ఎవరి మోచెయ్యో తగిలినట్టుంది" అని తీసి మళ్లీ యథాస్థానంలో గుచ్చింది. మర్నాడు మూడు సూదులు మార్చింది. అవీ వెనక్కి వెళ్లిపోయాయి. మూడోరోజు డాక్టరమ్మ నేరుగా జిగురత్త బల్ల దగ్గరికే వచ్చింది.

"అత్తా, ఈ సూదులు ఊరికే కదులుతున్నాయి. మీ చేత్తో కాస్త జిగురు పెట్టి బిగించరూ?"

ఏం చేస్తుంది? బ్రష్షు తీసుకుని, తన అబద్ధాలను ఒక్కొక్కటే తన చేత్తోనే గోడకు అంటించింది. మంచి జిగురే వేసింది, పని దగ్గర వంక పెట్టడానికి వీల్లేదు మరి.

గురువారం పొద్దున పెద్దాఫీసరు ఆమెను గదిలోకి పిలిచాడు. డాక్టరమ్మ కూడా అక్కడే కూర్చుని ఉంది. బల్ల మీద జవాబు ఉత్తరం, పక్కన కవరు.

"అత్తా, ఇది అంటించి పంపించెయ్యి."

ఉత్తరం మడవబోతూ చదివింది. రైలుకట్ట స్థలాన్ని ముట్టుకోవద్దు, వాలులో చెప్పుకోదగ్గది ఏదీ లేదు. కవరు అంచున బ్రష్షు ఆనించింది. చెయ్యి కదల్లేదు.

"అంటించను సార్."

ముప్పై ఒక్క ఏళ్లలో ఆ నోటి నుంచి ఆ మాట ఎవరూ వినలేదు. "ఏం, చేతికేమైనా అయిందా?" అన్నాడాయన.

"చేతికి కాదు సార్, చీటీలకి. ఆ పటంలో ఇళ్ల వెనక ఉన్న సూదులన్నీ నేను పుట్టించినవే. అవన్నీ ఆ వాలులోవే. కోసుకుపోతారని అలా రాశాను."

డాక్టరమ్మ మెల్లగా అడిగింది. "పన్ను డాక్టరు?"

"తప్పు పన్ను పీకాడమ్మా."

"పదకొండుసార్లా?"

"పీకింది ఒకటే. కోపమే పదకొండేళ్లు ఉంది."

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు నెలలు రాత్రనక పగలనక రాసిన వ్యాసం మట్టిలో కలిసింది. అది చూసి జిగురత్తకు నిజంగా సిగ్గేసింది. వదిన మీద, మేనేజరు మీద చేసిన అల్లరికి ఆమె ఏనాడూ బాధపడలేదు. తన చీటీని నమ్మి, తననే అత్తా అని పిలిచిన పిల్లను మోసం చేయడం మాత్రం తప్పే, ఎలా తిప్పి చూసినా తప్పే.

పెద్దాఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సరే, వాలులో ఉన్నాయని రాస్తాను. ఎవరి మాట మీద రాయను? ముప్పై ఏళ్లు అబద్ధం రాసినావిడ మాట మీదా? వానలు రావడానికి ఇంకా మూడు నెలలుంది. ఇప్పుడు వెళ్తే అక్కడ నాచు తప్ప ఏం కనిపిస్తుంది?"

జిగురత్త నేల చూపులు చూస్తూ అంది. "మా ఇంటికి రండి సార్."

ఇంట్లో భర్త బంగాళాదుంపలు తొక్క తీస్తున్నాడు. ఆమె నేరుగా వంటింట్లోకి వెళ్లి పై అరల తలుపులు తెరిచింది. గాజు సీసాలు వరసగా ఉన్నాయి, అరవైకి పైమాటే. ప్రతిదాని మీదా చీటీ ఉంది. డాక్టరమ్మ ఒకటి దించి గట్టిగా చదివింది. "షాంటరెల్. బస్సు మలుపు కింది వాలు, ఉత్తరం వైపు, మూడో ఓక్ చెట్టు వేళ్ల దగ్గర, నాచులో. వాన వెలిసిన నాలుగో రోజు." తేదీ, సంవత్సరం ఉన్నాయి. కింద ఇంకో వరస, "రుచి: బాగుంది."

"ఇంట్లో మాత్రం నిజం రాశావా?" అన్నాడు పెద్దాఫీసరు.

"చీటీ లేకుండా సీసాలో ఏదైనా పెట్టడానికి చెయ్యి రాదు సార్. ఇంట్లో ఎవరు చదువుతారని అబద్ధం రాయను?"

"సగం సీసాలు ఖాళీగా ఉన్నాయే?"

"తిన్నాం."

"మ్యూజియం ఆధారాలు తినేశావా?"

"వెన్నలో వేయించాం సార్" అన్నాడు భర్త, సాయం చేస్తున్నాననుకుని. "అవి అంగట్లో కొన్నవని చెప్పిందే! నేనెప్పుడు చీటీలు చదివాను గనక?"

లిల్లీలు పడగ్గదిలో ఉన్నాయి. పరుపెత్తితే కింద భర్త పాత బస్సు వేళల పుస్తకాలు, వాటి పేజీల మధ్య చక్కగా అణిగి ఆరిన పువ్వులు. వెనక్కి మడిచిన ఊదా రేకులవి, నారింజ రంగువి, తెల్లటివి. పువ్వూ ఆకూ తప్ప ఎక్కడా దుంప లేదు.

భర్త నోరు తెరిచాడు. "ముప్పై ఏళ్లుగా నా నడుం నొప్పికి కారణం ఇదా?"

"పువ్వులు అణగాలంటే బరువు కావాలి కదండీ. మీ అంత నిఖార్సయిన బరువు మ్యూజియంలో కూడా లేదు."

డాక్టరమ్మ నేల మీద కూర్చుని సీసాలన్నీ చుట్టూ పేర్చుకుంది. సొన రంగువి, వెన్నలా తెల్లబారినవి, మీద ఊదా పొలుసులున్నవి, బూడిద రంగు బాకాలు, పసుపుపచ్చ సన్నకాళ్లవి. మ్యూజియం బీరువాలో నాలుగు రకాలుంటే ఈ వంటింట్లో అయిదున్నాయి. ఏడుపు ఎప్పుడు పోయిందో ఆ పిల్లకే తెలియదు.

"అత్తా, ఇవి నాకిస్తారా?"

"తినడానికా?"

"దాచడానికి!"

"దాచినా పటంలో సూది గుచ్చుతారు కదమ్మా. మళ్లీ బుట్టలు బయల్దేరతాయి."

"గుచ్చం. ఇలాంటి అరుదైన చోట్లను బయటివాళ్లకిచ్చే పటంలో సరిగ్గా ఫలానా చోటని చూపించం. చుట్టూ పెద్ద గడి గీసి, అందులో ఎక్కడో ఉన్నాయంటాం. అసలు చోటు లోపలి కాగితాల్లోనే ఉంటుంది. అందరూ చేసేదే."

"అంటే అబద్ధమేగా?"

"కాదత్తా. దాన్ని గోప్యత అంటారు."

ఆ మాట ముప్పై ఏళ్ల కిందటే ఎవరైనా చెప్పి ఉంటే బోలెడంత శ్రమ తప్పేదని జిగురత్త అనుకుంది. ఆ సాయంత్రమే కొత్త ఉత్తరం తయారైంది. కవరు ఆమే అంటించింది.

శుక్రవారం కింది హాల్లో ముప్పై కుర్చీలు వేశారు. ముందు వరసలో వదినగారు. ఆమె పక్కన భర్త, అంతా తెలిసిన కడుపుతో ఉబ్బిపోతూ, నోరు జారకుండా కేకు మీద కేకు కుక్కుకుంటున్నాడు. పెద్దాఫీసరు జ్ఞాపిక మీది మాటలు చదవబోయి, "ఒక్క తప్పు" దాకా వచ్చి గట్టిగా దగ్గి, మిగతాది దగ్గులోనే కలిపేశాడు. చప్పట్లు పడ్డాయి. అప్పుడు వదినగారు లేచి నిలబడింది.

"నేనూ ఒక మాట చెప్పాలి. ఈ మ్యూజియానికి మా ఇంటి వెనక స్థలం ఎంత పేరు తెచ్చిందో మీకు తెలుసు. ఆదివారం వస్తే చాలు, ఎక్కడెక్కడివాళ్లో బుట్టలతో వస్తారు. అందరికీ టీ ఇచ్చి పంపుతాను. మా మరదలు రాసిన చీటీల్లో నా పాలు కూడా ఉంది."

ఆమెకు చప్పట్లు ఇంకా గట్టిగా పడ్డాయి. జిగురత్తకు ఇక నిలబడటం వల్ల కాలేదు. గుంపు తగ్గాక వదినను కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది.

"వదినా, మీ ఇంటి వెనక ఏనాడూ ఏమీ మొలవలేదు. మీరన్న మాట మనసులో పెట్టుకుని నేనే అలా రాశాను. నన్ను తిట్టండి."

వదిన ఆమెను ఎగాదిగా చూసింది. "ఏమే, నేను ఆ ఇంట్లోనే కదా ఉండేది? నా పెరటి వెనక ఏం మొలుస్తుందో నాకు తెలియదా?"

"మరి వచ్చినవాళ్లతో?"

"అయ్యో, నిన్నటిదాకా ఉన్నాయండీ, ఎవరో కోసుకుపోయారు, వచ్చే ఆదివారం రండి అనేదాన్ని. పాపం, వచ్చేవాళ్లు." వదిన కిటికీలోంచి బయటికి చూసింది. "మీ అన్నయ్యగారు పోయాక ఆ వీధి చివరికి ఇంకెవరొస్తారే? మొదటి ఏడాది నిన్ను తిట్టుకున్న మాట నిజమే. తర్వాత శనివారం నుంచే కప్పులు కడిగి పెట్టుకునేదాన్ని." ఇటు తిరిగి అడిగింది. "అంటే ఇక ఎవరూ రారా?"

ముప్పై ఏళ్లలో తాను రాసిన చీటీల్లో బాగా ఉపయోగపడింది ఆ అబద్ధమేనని జిగురత్తకు అప్పుడే తెలిసింది. ఆమె వదిన చేతిని తన చేతిలోకి తీసుకుంది.

పురపాలక ఆఫీసు వాలును వదిలేసింది. పుట్టగొడుగులు లేవని తేలిన రైలుకట్ట స్థలంలోనే తారు పోసి, తెల్లగీతలు గీసి, కార్లు నిలపడం మొదలుపెట్టారు. వదిన ఇంటి వెనక ఇప్పుడు ఆదివారమే కాదు, రోజూ జనమే.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున జిగురత్త వదినను బస్సెక్కించి మలుపు దగ్గర దించింది. భర్తను కూడా తీసుకురాని చోటుకు ఆమెను చెయ్యి పట్టుకుని దింపింది. కింద ముడతలుంటే బాకా, పేజీల్లాంటి పొరలుంటే దొంగ బాకా అని చూపించింది. లిల్లీల మీద చెయ్యి వేయబోతే చేతిమీద ఒక్కటి వేసింది. వదిన బుట్టలో సగానికి కోసుకుని, దారంతా దాన్ని వాసన చూస్తూనే ఉంది. వదిన ఇంటి దగ్గర ఇద్దరూ దిగేసరికి, అప్పుడే కారు నిలిపి తలుపు వేస్తున్న ఒకాయన బుట్టలోకి తొంగి చూశాడు.

"అబ్బ, పసుపు బాకాలు! ఎక్కడ దొరికాయండీ?"

జిగురత్త బుట్టకు అడ్డం రాబోయింది. వదిన మాత్రం తడుముకోలేదు.

"ఇక్కడే, మా ఇంటి వెనకే."

"ఇక్కడా? ఈ తారు మీదా?"

"తారు పక్కన. ఇప్పుడే అయిపోయాయి, వచ్చే ఆదివారం రండి" అంటూ వదిన తలుపు తాళం తీసింది. "లోపలికి రండి, టీ తాగి వెళ్దురు గాని."